శరీర సమస్థితి

నిర్వచనం

బయటి పరిసరాలు ఎంతగా మారినా, మనిషి దేహం లోపలి ద్రవాల ఉష్ణోగ్రత, లవణాల పాళ్లు, ఆమ్లత, చక్కెర, ప్రాణవాయువు వంటివి ఒక ఇరుకైన హద్దులోనే నిలిచేటట్లు చూసే ఏర్పాటుకు సమస్థితి అని పేరు. శాస్త్ర గ్రంథాల్లో హోమియోస్టాసిస్ అనే మాట కూడా వాడుకలో ఉంది. గ్రీకు భాషలో ‘పోలినది’, ‘నిలిచి ఉండటం’ అనే అర్థాలున్న రెండు మాటలు కలిసి ఈ పదమైంది. నిలిచి ఉండటం అన్నంత మాత్రాన దీనిని కదలని నీటి గుంటలాంటి స్థితిగా భావించరాదు. పదాన్ని ప్రవేశపెట్టిన శాస్త్రవేత్తే ఇది నిశ్చలతను సూచించదనీ, మారుతూనే దాదాపు ఒకే తీరున ఉండే స్థితిని చెబుతుందనీ హెచ్చరించాడు. దేహం ఒక్క గంటసేపు ‘మామూలుగా’ ఉండటం వెనుక గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, చర్మం, మెదడు ఎడతెగకుండా చేసే పని ఉంటుంది. ఆ పనికి నీరు, ఉప్పు, ఆహారం ఖర్చవుతాయి. దానికి హద్దులు కూడా ఉన్నాయి.

నిలిపి ఉంచవలసింది ఏమిటన్నది స్పష్టం కావాలంటే దేహంలోని నీటి లెక్క తెలియాలి. 60 కిలోల బరువున్న వయోజన పురుషుడి దేహంలో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు కణాల లోపల, మిగిలిన 12 లీటర్లు కణాల వెలుపల ఉంటాయి. ఈ వెలుపలి నీటిలో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా మూడు లీటర్ల వరకు ఉండగా, తక్కినదంతా కణాల మధ్య సందుల్లో నిండి ఉండే కణజాల ద్రవం. దేహంలోని కణాలన్నీ ఈ ద్రవంలోనే మునిగి బతుకుతాయి కనుక దీనికి అంతర పరిసరం అనే పేరు వచ్చింది. సమస్థితి ప్రధానంగా ఈ పన్నెండు లీటర్ల సంగతి.

భావన చరిత్ర

ఆరోగ్యాన్ని సమతుల్యంగా చూడటం భారతీయ వైద్యంలో ప్రాచీనమైనది. దోషాలు, జఠరాగ్ని, ధాతువులు, మలాలు సమంగా ఉండి, ఇంద్రియాలూ మనస్సూ ప్రసన్నంగా ఉన్నవాడిని సుశ్రుత సంహిత ఆరోగ్యవంతుడిగా నిర్వచించింది. ఆధునిక శరీర ధర్మశాస్త్రంలోని సమస్థితికీ దీనికీ ఆలోచనలో పోలిక ఉన్నా, కొలవదగిన రాశులు, వాటిని నియంత్రించే అవయవాలు అనే చట్రం దీనిలో లేదు. రెండూ ఒకటేనని చెప్పడం ఉభయ శాస్త్రాలకూ న్యాయం చేయదు.

ఆధునిక భావనకు పునాది వేసినవాడు ఫ్రెంచి శరీర ధర్మశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. 1813లో పుట్టిన బెర్నార్డ్ కాలేయంలో చక్కెర నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను 1857లో వేరుచేశాడు. అంతర పరిసరం స్థిరంగా ఉండటమే జీవి బయటి ప్రపంచానికి బానిస కాకుండా బతకడానికి మూలమని ఆయన ప్రతిపాదించాడు. ఆ ఆలోచన పూర్తి రూపంలో ఉన్న గ్రంథం ఆయన మరణించిన 1878లోనే వెలువడింది. అమెరికాలో హార్వర్డ్ వైద్యకళాశాల ఆచార్యుడు వాల్టర్ కానన్ 1926లో ఈ స్థితికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టి, 1929లో విపులమైన సమీక్షా వ్యాసంతోను, 1932లో ‘ది విజ్‌డమ్ ఆఫ్ ది బాడీ’ అనే పుస్తకంతోను దానిని విస్తరించాడు.

కానన్ ఈ మాటకు రూపమిస్తున్న ఆ సంవత్సరాల్లోనే, అదే వైద్యకళాశాల జీవరసాయన విభాగంలో గోదావరి డెల్టాకు చెందిన ఒక పరిశోధకుడు పనిచేస్తున్నాడు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి, అక్కడే ఆచంట లక్ష్మీపతి నిర్వహించిన ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1922లో బోస్టన్ చేరాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతి నేటికీ వారిద్దరి పేరుతోనే వ్యవహారంలో ఉంది. అంతర పరిసరం స్థిరంగా ఉందని చెప్పాలంటే ముందు దానిని కొలవగలగాలి. ఆ కొలిచే పనిలో ఈ పద్ధతి ముఖ్యమైన మెట్టు.

1948లో నార్బర్ట్ వీనర్ యంత్రాల్లోని నియంత్రణనూ జీవుల్లోని నియంత్రణనూ ఒకే గణితంతో వివరించే సైబర్నెటిక్స్ శాస్త్రాన్ని ప్రతిపాదించాడు. 1988లో స్టర్లింగ్, ఐయర్ అనే ఇద్దరు, దేహం తప్పు జరిగాక దిద్దుకోవడమే కాక రాబోయే అవసరాన్ని పసిగట్టి ముందే సర్దుకుంటుందని చెబుతూ, ఆ గుణాన్ని ఆలోస్టాసిస్ అన్నారు.

నియంత్రణ యంత్రాంగం

ప్రతి నియంత్రణ వలయంలోను మూడు భాగాలు ఉంటాయి. మార్పును పసిగట్టేది గ్రాహకం, ఆ సమాచారాన్ని నిర్ణీత విలువతో పోల్చి తీర్పు చెప్పేది నియంత్రణ కేంద్రం, తీర్పును అమలుచేసే కండరమో గ్రంథో నిర్వాహకం. పెరిగినదాన్ని తగ్గించేటట్లు, తగ్గినదాన్ని పెంచేటట్లు, అంటే మార్పుకు ఎదురు దిశలో పనిచేసే వలయాన్ని ఋణ పునర్నివేశం లేదా నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. సమస్థితిలో అధికభాగం ఈ రకం వలయాల మీదే నడుస్తుంది.

ధవళేశ్వరం బ్యారేజి దీనికి మంచి పోలిక. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో కట్టిన ఈ బ్యారేజికి 175 గేట్లు ఉన్నాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. నీటిమట్టాన్ని చూపే కొలబద్ద గ్రాహకం, దానిని చూసి నిర్ణయం తీసుకునే జలవనరుల శాఖ నియంత్రణ కేంద్రం, గేట్లు నిర్వాహకాలు. నీరు పెరిగితే గేట్లు లేస్తాయి, తగ్గితే దిగుతాయి. నిర్వాహకాల శక్తికి మించిన వరద వచ్చినప్పుడు ఏమవుతుందో 1986 ఆగస్టులో తెలిసింది. అప్పుడు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం రాగా గేట్లన్నీ ఎత్తినా చాలక ఏటిగట్లు తెగిపోయాయి. వడదెబ్బలో దేహానికి జరిగేది సరిగ్గా ఇదే.

ముందుచూపు నియంత్రణకు కూడా డెల్టాలోనే ఉదాహరణ దొరుకుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారని తెలిసిన ఊళ్లు నీళ్లు ఆగకముందే మంచినీళ్ల చెరువును నింపుకుంటాయి. అన్నం నోట్లో పడగానే, చక్కెర ఇంకా రక్తంలోకి చేరకముందే, క్లోమం కొంత ఇన్సులిన్ విడుదల చేయడం ఇటువంటిదే. అయితే బ్యారేజి పోలికను ఒక హద్దు వరకే తీసుకోవాలి. అక్కడ ఒకే కొలత, ఒకే కేంద్రం. దేహంలో వందలాది వలయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, కొన్ని వేళల్లో ఒకదానికొకటి ఎదురు తిరిగి పనిచేస్తాయి.

మార్పును అదే దిశలో ఇంకా పెంచే ధన పునర్నివేశ వలయాలు కొద్ది మాత్రమే. కాన్పు సమయంలో శిశువు తల ఒత్తిడికి ఆక్సిటోసిన్ పెరిగి నొప్పులు ముదరడం, గాయమైన చోట రక్తం గడ్డకట్టడం ముఖ్యమైన ఉదాహరణలు. ఈ రెండింటిలోను పని పూర్తికాగానే వలయం తెగిపోతుంది.

ఉష్ణ సమతుల్యత

మనిషి దేహం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. వేకువజామున కాస్త తగ్గి, సాయంత్రానికి పెరిగి, రోజులో అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఊగుతుంది. ఊరికే కూర్చున్న మనిషి దేహంలో 80 నుంచి 100 వాట్ల వేడి, అంటే పాతకాలపు కరెంటు బల్బు ఒకటి ఇచ్చినంత వేడి, పుడుతూనే ఉంటుంది. బరువు పనిలో అది 400 వాట్లు దాటుతుంది. ఈ వేడి వికిరణం, వహనం, సంవహనం, చెమట ఆవిరి కావడం అనే నాలుగు దారుల్లో బయటికి పోవాలి. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు కనుక, గాలి అంతకన్నా వేడెక్కిన రోజున మొదటి మూడు దారులూ తిరగబడి బయటి వేడినే లోపలికి తెస్తాయి. మిగిలేది చెమట ఒక్కటే.

గోదావరి జిల్లాల్లో రెండో పంట అయిన దాళ్వా వరి కోతకు వచ్చేది ఏప్రిల్‌లో. కోత యంత్రాలు వచ్చి కొడవలి పని తగ్గినా, ధాన్యం ఆరబోసే కళ్లాల్లోను, రోడ్ల వెంబడి ఆరబోతల్లోను ఎండ పని తప్పలేదు. ఉదయం తొమ్మిది గంటలకు ఆరబోసిన ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తున్న కూలీని తీసుకుంటే, పనిలో దిగిన కొద్ది నిమిషాలకే అతడి మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ తన గుండా పారే రక్తం వేడెక్కినట్లు గుర్తిస్తుంది. చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటిని నింపడానికి గుండె వేగం పెంచుతుంది. పేగులకూ మూత్రపిండాలకూ పోయే రక్తం తగ్గుతుంది. 20 నుంచి 40 లక్షల వరకు ఉన్న స్వేద గ్రంథులు పనికి దిగుతాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దేహం నుంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. గంటకు లీటరు చొప్పున నాలుగు గంటలు చెమట పోసి మధ్యలో నీళ్లు తాగకపోతే 60 కిలోల మనిషి తన బరువులో ఆరు శాతానికి పైగా కోల్పోతాడు. ఆ స్థితిలో రక్తం పరిమాణం తగ్గి, చర్మానికి రక్తం పంపాలా, రక్తపోటు నిలపాలా అన్న పోటీలో దేహం రక్తపోటు వైపే మొగ్గుతుంది. అప్పుడు చెమట తగ్గి ఉష్ణోగ్రత ఎగబాకుతుంది.

పై లెక్కలో ‘పూర్తిగా ఆవిరైతే’ అన్న షరతు డెల్టాకు అత్యంత ముఖ్యమైనది. పల్నాటి రెంటచింతలలో ఎండ ఎక్కువ, గాలి పొడి. అక్కడ చెమట పట్టిన వెంటనే ఎగిరిపోతుంది. సముద్రాన్ని ఆనుకుని, కాలువలూ చెరువులూ నిండిన కోనసీమలో ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తక్కువగానే ఉన్నా గాలిలో తేమ నిండి ఉంటుంది కనుక చెమట ఆవిరి కాక వీపు మీదనుంచి ధారగా కారిపోతుంది. కారిపోయిన చెమట దేహాన్ని చల్లబరచదు. నీటినీ ఉప్పునూ మాత్రం తీసుకుపోతుంది. జనం ఉక్కపోత అనేది ఈ స్థితినే. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచే తడిబుడ్డి ఉష్ణోగ్రత ఈ ఇబ్బందిని అంకెలో చూపుతుంది. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా ఎక్కువసేపు తాళలేడని సిద్ధాంతం. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించిన ప్రయోగాల ప్రకారం తేమగాలిలో ఆరోగ్యవంతులైన యువకుల్లో కూడా ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే ఎదురవుతుంది.

రోజూ కొంతసేపు ఎండలో పనిచేసేవారి దేహం 10 నుంచి 14 రోజుల్లో ఎండకు అలవాటు పడుతుంది. చెమట త్వరగా మొదలై, ఎక్కువగా పట్టి, అధివృక్క గ్రంథి స్రవించే ఆల్డోస్టిరోన్ ప్రభావం వల్ల అందులో ఉప్పు తగ్గుతుంది. నాలుగు వారాల విరామంతో ఈ అలవాటు చాలావరకు పోతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని పనిచేస్తూ, మే నెల పెళ్లికి ఊరొచ్చి, మిట్టమధ్యాహ్నం పందిళ్ల పని నెత్తినేసుకునేవాడు ఆ ఊరి కూలీకన్నా త్వరగా సొమ్మసిల్లడానికి కారణం ఇదే. దీనిలో నాజూకుతనం ప్రసక్తి లేదు.

లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడటం, స్పృహ తప్పడం వంటి మెదడు లక్షణాలు కనిపిస్తే అది వడదెబ్బ. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే మూడు వేలమందికి పైగా, 2015 మే నెలలో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు మరణించారు. వడదెబ్బనూ జ్వరాన్నీ ఒకటిగా భావించడం తరచు జరిగే పొరపాటు. జ్వరంలో హైపోథాలమస్ తన నిర్ణీత విలువనే పైకి జరుపుకుంటుంది. అందుకే మన్యంలో మలేరియా సోకినవాడు 39 డిగ్రీల వేడితో కాలిపోతూ కూడా చలి అని దుప్పటి కప్పుకుని వణుకుతాడు. కొత్త విలువను అందుకోవడానికి దేహం వేడి పుట్టించుకుంటున్నదన్నమాట. పారాసిటమాల్ ఆ విలువను కిందికి దించుతుంది. వడదెబ్బలో విలువ మారదు, చల్లబరచే యంత్రాంగమే ఓడిపోతుంది. కనుక ఆ మాత్ర అక్కడ పనిచేయదు. మనిషిని నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి, విసురుతూ ఆసుపత్రికి తరలించడమే తక్షణ చికిత్స. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయరాదు.

నీరు, లవణాల సమతుల్యత (చూ. మూత్రపిండాలు)

రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోసి, అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి. ఇంత వడపోసి ఇంత వెనక్కు తీసుకోవడం వృథా శ్రమలా తోచవచ్చు. కానీ ఏది ఎంత వెనక్కు తీసుకోవాలన్న నిర్ణయం చేతిలో ఉండబట్టే దేహం నీటినీ, ఉప్పునూ, పొటాషియంనూ విడివిడిగా సర్దుకోగలుగుతున్నది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా హైపోథాలమస్ గ్రహించి, పీయూష గ్రంథి ద్వారా వాసోప్రెసిన్ అనే హార్మోనును వదులుతుంది. దాని ఆజ్ఞతో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి, మూత్రం చిక్కబడి పచ్చగా వస్తుంది. గాఢత ఇంకాస్త పెరిగితే దాహం వేస్తుంది. రక్తం పరిమాణం తగ్గినప్పుడు మూత్రపిండాలే రెనిన్ అనే పదార్థాన్ని వదిలి, ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్‌ల గొలుసు ద్వారా సోడియంను నిలుపుకుంటాయి.

డెల్టాలోని వేసవి పానీయాలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, గంజి, రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియనిచ్చిన తరవాణి నీటితోపాటు సోడియంనూ కొంత పిండిపదార్థాన్నీ ఇస్తాయి. కోనసీమ కొబ్బరి బొండం సంగతి వేరు. దాని నీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కనుక రోజంతా ఎండలో పనిచేసినవాడికి ఉప్పు లోటును అదొక్కటే పూడ్చలేదు. మూత్రపిండాలు పాడైనవారికి అదే పొటాషియం బయటికి పోక పేరుకుని గుండె లయను దెబ్బతీస్తుంది. డయాలసిస్ రోగులను కొబ్బరి నీళ్లు మానమని వైద్యులు చెప్పేది అందుకే. తాటికల్లు దాహం తీర్చినట్లే ఉంటుంది గాని, అందులోని మద్యం వాసోప్రెసిన్‌ను అణచి మూత్రాన్ని పెంచుతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఎండలో పనిచేసి వచ్చిన రాత్రి పిక్కలు పట్టేయడానికి ఉప్పు లోటును ఒక కారణంగా భావిస్తారు.

వాంతులు, విరేచనాల్లో నీరూ లవణాలూ గంటల వ్యవధిలో పోతాయి. పేగుగోడ గ్లూకోజ్‌నూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకుంటుందని, వాటి వెంట నీరు కూడా వస్తుందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని పెద్దఎత్తున తాగించి కలరా మరణాలను బాగా తగ్గించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి సరిపడా 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపుతారు. చక్కెర ఎక్కువైతే పేగులోకే నీరు లాగి విరేచనాలు పెరుగుతాయి కనుక కొలత తప్పకూడదు. ఉప్పు వేసిన గంజి ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. బియ్యంలోని పిండి పేగులో మెల్లగా గ్లూకోజ్‌గా విడిపోతుంది.

మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతింటే పైన చెప్పిన సర్దుబాట్లన్నీ ఒక్కొక్కటిగా సడలుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస పరిసరాల్లో, మధుమేహం గాని రక్తపోటు గాని లేనివారిలో కూడా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తారంగా కనిపిస్తున్నది. దీనికి నిర్ధారితమైన ఏకైక కారణం ఇంతవరకు తేలలేదు.

కణజాల ద్రవం, శోషరసం (చూ. బోదకాలు)

రక్తకేశనాళికల గోడల నుంచి రోజుకు 20 లీటర్ల వరకు ద్రవం కణజాలంలోకి ఊరుతుందని, అందులో 17 లీటర్లు తిరిగి రక్తంలోకే చేరగా మిగిలిన మూడు లీటర్లను శోషరస నాళాలు మోసుకుపోయి మెడ మొదట్లోని సిరల్లో కలుపుతాయని సాంప్రదాయిక అంచనా. వరిచేలకు నీరు తెచ్చే పంటకాలువ ఎంత ముఖ్యమో, మిగులు నీటిని బయటికి తీసే మురుగుకోడు అంతే ముఖ్యమని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. శోషరస వ్యవస్థ దేహానికి అటువంటి మురుగుకోడు.

ఈ కోడు పూడుకుపోతే వచ్చేదే బోదకాలు. గోదావరి జిల్లాలు చిరకాలంగా ఈ వ్యాధికి ఆలవాలం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతో దేహంలో చేరిన ఉచరేరియా పురుగులు శోషరస నాళాల్లో తిష్ఠవేసి ఏళ్లతరబడి వాటిని వెడల్పుచేసి చెడగొడతాయి. పురుగు పిల్లలు రాత్రివేళే రక్తంలో తిరుగుతాయి కనుక ఆరోగ్య కార్యకర్తలు నెత్తురు పరీక్షకు రాత్రి పూటే ఇంటింటికీ వస్తారు. ఈ పిల్లపురుగులను చంపే డైఇథైల్ కార్బమజైన్ మందు, హెట్రజాన్ అనే వ్యాపారనామంతో, 1940ల చివర అమెరికాలోని లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనశాలల్లో యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని బృందం కృషి ఫలితంగా వెలువడింది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో మరణించిన ఆయన పుట్టిన గడ్డ మీదనే, 1955లో మొదలైన జాతీయ నియంత్రణ కార్యక్రమంలోను, 2004 నుంచి ఏటా అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమంలోను ఆ మందు వాడుకలోకి వచ్చింది.

మందు పిల్లపురుగులను చంపుతుంది గాని చెడిన నాళాలను బాగుచేయదు. వాచిన కాలిలో నిలిచిన ద్రవంలో మాంసకృత్తులు పేరుకుని చర్మం మందమవుతుంది, మడతల్లో సూక్ష్మజీవులు చేరి జ్వరంతో కూడిన వాపు మళ్లీమళ్లీ వస్తుంది. రోజూ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్ది, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకోవడం ఈ దశలో ముఖ్యమైన చికిత్స.

ఆమ్ల-క్షార సమతుల్యత

ధమనుల రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. సెకన్లలో స్పందించే బైకార్బొనేట్ వంటి బఫర్లు, నిమిషాల్లో బొగ్గుపులుసు వాయువును వదిలి ఆమ్లాన్ని తగ్గించే ఊపిరితిత్తులు, గంటలు, రోజుల వ్యవధిలో ఆమ్లాన్ని మూత్రంలోకి పంపే మూత్రపిండాలు ఈ పనిని మూడు అంచెల్లో పంచుకుంటాయి. తీవ్రమైన విరేచనాల్లో బైకార్బొనేట్ పోయిన బిడ్డ, ఇన్సులిన్ అందని మధుమేహ రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీయడం ఆయాసం జబ్బు కాదు. పెరిగిన ఆమ్లాన్ని ఊపిరితో వదిలించుకునే ప్రయత్నం.

చక్కెర, శక్తి

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు. ఐదు లీటర్ల రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజ్ ఐదు గ్రాములు దాటదు, అంటే ఒక చిన్న చెంచాడు. మధ్యాహ్నం విస్తట్లో రెండు మూడు సార్లు వడ్డించుకున్న అన్నంలో దీనికి పదింతలకు పైగా గ్లూకోజ్ ఇమిడి ఉంటుంది; అయినా రెండు మూడు గంటల్లో రక్తం మళ్లీ చెంచాడు లెక్కకే చేరుతుంది. క్లోమంలోని బీటా కణాలు వదిలే ఇన్సులిన్ కండరాలకూ కొవ్వుకూ కాలేయానికీ ఆ చక్కెరను అందించి నిల్వ చేయిస్తుంది. ఉపవాసంలో ఆల్ఫా కణాలు వదిలే గ్లూకగాన్ కాలేయంలోని నిల్వను కరిగిస్తుంది. ఇన్సులిన్‌ను 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ వేరుచేయగా, 1922 జనవరిలో తొలిసారి ఒక బాలుడికి ఇచ్చారు. ఇన్సులిన్ చాలకపోయినా, కణాలు దానికి స్పందించకపోయినా మధుమేహం వస్తుంది (చూ. మధుమేహం).

చక్కెర నుంచి వచ్చిన శక్తి కణాల్లో ఏటీపీ రూపంలో ఖర్చవుతుంది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో ఫిస్క్, సుబ్బారావు గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ ఏటీపీని అదే సంవత్సరం స్వతంత్రంగా కనుగొన్నాడు. ఏ క్షణంలోనైనా దేహంలో ఉండే ఏటీపీ కొన్ని సెకన్ల కష్టానికే సరిపోతుంది. ఖర్చయినది ఖర్చయినట్టు తిరిగి తయారవుతూ, రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యే ఏటీపీ దాదాపు మనిషి బరువంత ఉంటుంది. బస్తా భుజానికెత్తిన తొలి క్షణాల్లో ఆ లోటును పూడ్చేది ఫాస్ఫోక్రియాటినే.

వయసు, మందుల ప్రభావం

పసిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కనుక త్వరగా వేడెక్కుతారు, త్వరగా చల్లబడతారు. ముసలివారిలో దాహం మందగిస్తుంది, చెమట ఆలస్యంగా పడుతుంది, మూత్రాన్ని చిక్కబరచే శక్తి తగ్గుతుంది. రక్తపోటుకు వాడే మూత్రవర్ధకాలు, కొన్ని మానసిక రోగాల మందులు ఈ లోపాన్ని పెంచుతాయి. వడగాడ్పుల మృతుల్లో ఎండలో పనిచేసే కూలీలతోపాటు, గుమ్మం దాటని వృద్ధులు కూడా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

ఇతర జీవుల్లో

మనిషి నిలుపుకునేవన్నీ అన్ని జీవులూ నిలుపుకోవు. భీమవరం పరిసర చెరువుల్లో, 2009 తరువాత దేశంలో అనుమతి పొంది విస్తరించిన వనామీ రొయ్యకు దేహ ఉష్ణోగ్రతను నియంత్రించే శక్తి లేదు. నీరు ఎంత వేడెక్కితే అదీ అంతే. ఉప్పు విషయంలో మాత్రం దానిది గొప్ప నేర్పు. సముద్రపు నీటికన్నా ఎంతో పలచని నీటిలో కూడా మొప్పల ద్వారా లవణాలను లోపలికి లాక్కుని తన రక్తం గాఢతను కాపాడుకుంటుంది. ఆ నీటిలో పొటాషియం, మెగ్నీషియం మరీ తక్కువైతే ఈ పని సాగక, పొర విడిచే దశలో రొయ్యలు చనిపోతాయి. రైతులు చెరువులో ఖనిజ లవణాలు చల్లేది దీనికోసమే. ప్రాణవాయువు తగ్గితే తట్టుకునే వెసులుబాటు దానికి చాలా తక్కువ. నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును వదిలినా రాత్రి తానే పీల్చుకుంటుంది కనుక, తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు అట్టడుగు స్థాయికి పడిపోతుంది. ఆ వేళకు రొయ్యలు గట్ల వెంట నీటిపైకి తేలి కనిపిస్తే, రైతు పరుగున వెళ్లి నీటిలో గాలిని కలిపే, ఆగిన ఏరియేటర్లను తిప్పిస్తాడు.